సౌండ్ కట్టేసి ఆడితే ఏం పోతుంది?

ఆటగాడు: మాస్టారూ, ముందు మీ అభ్యంతరం ఏమిటో తేల్చి చెప్పండి. ఫోన్లో ఆటలు ఆడొద్దంటారా, ఆటల్లో పాటలు పెట్టొద్దంటారా?

పాటగాడు: రెండూ అనను. ఎవరి ఫోను వాళ్లిష్టం, ఆటలో పాట ఉంటే నాకేం బాధ? "సంగీతమే నడిపించే పజిల్" అని చెప్పి అమ్ముతున్నారు చూడు, నా పేచీ అక్కడ. రంగు గళ్లు పైనుంచి పడతాయి. ఒకే రంగువి ఒక చోట చేరిస్తే మాయమవుతాయి. వెనకాల ఏదో మోగుతూ ఉంటుంది. ఆ మోత ఆపేసినా గళ్లు పడుతూనే ఉంటాయి, మాయమవుతూనే ఉంటాయి. మరి సంగీతం నడిపిస్తున్నది దేన్ని?

ఆటగాడు: టెట్రిస్ విషయంలో అయితే మీ మాట ఒప్పుకుంటాను. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని రాసినప్పుడు అందులో పాట అన్నదే లేదు. 1989లో గేమ్ బాయ్ మీదికి వచ్చినప్పుడు "కొరోబెయ్నికి" అనే రష్యన్ జానపద బాణీని దానికి జత చేశారు. ఇవాళ ఆ బాణీ వినగానే ప్రపంచమంతా టెట్రిస్ అంటుంది కానీ, దాన్ని తీసేస్తే ఆట ఇసుమంతైనా మారదు. నేను మాట్లాడుతున్నది లూమినెస్ గురించి. టెట్సుయా మిజుగుచి బృందం 2004లో సోనీ పీఎస్‌పీ కోసం చేసింది, 2016లో స్మార్ట్‌ఫోన్లకి "పజిల్ అండ్ మ్యూజిక్" అనే పేరుతో వచ్చింది. అందులో పాట తీసేస్తే ఆట నియమమే కూలిపోతుంది.

పాటగాడు: ఎలా కూలుతుందో చూపించు. నియమం అన్నావు కాబట్టి నియమమే చెప్పు, భక్తి చెప్పకు.

ఆటగాడు: తెర మీద 16 నిలువు వరసలు, 10 అడ్డు వరసలు. పడే ప్రతి ముక్కా నాలుగు గళ్ల చదరం. ఉన్నవి రెండే రంగులు. తిప్పితే ఒకటయ్యే అమరికలు తీసేస్తే మొత్తం ఆరు రకాల ముక్కలే మిగులుతాయి. ఇంతవరకూ చిన్నపిల్లల వ్యవహారమే. ఒకే రంగు గళ్లు నాలుగు చదరంగా కూడితే పోవాలి, అయితే కూడిన క్షణాన పోవు. తెర ఎడమ అంచు నుంచి కుడి అంచుకి ఒక నిలువు గీత పాట వేగంతో సాగుతూ ఉంటుంది. కుడి అంచు చేరగానే మళ్లీ ఎడమ నుంచి మొదలు. ఆ గీత దాటినప్పుడే చదరం పోతుంది. అది చదరం మధ్యలో ఉండగా మీరు ముక్క దించారనుకోండి, సగమే తుడిచిపెట్టుకుపోతుంది, పాయింటు రాదు. పాట మారితే గీత వేగం మారుతుంది. వేగం మారితే ఎత్తుగడ మారుతుంది. ఇది వెనకాల మోగే పాట కాదు మాస్టారూ, తీర్పు చెప్పే పాట.

పాటగాడు: బాగుంది. కానీ నువ్వు చెప్పినదంతా వేగం గురించే. నిమిషానికి 120 దెబ్బలంటే అదొక అంకె. ఆ అంకె యంత్రానికి ఇస్తే గీత సాగుతుంది. దాని కోసం గాయకుడెందుకు, బాణీ ఎందుకు? గడియారం ముల్లుకి పాట కట్టి, చూడండి ముల్లు పాటకి ఆడుతోందంటే ఎలా? పైగా ఆ గీత కంటికి కనిపిస్తూనే ఉందాయె. సౌండ్ కట్టేసినవాడు దాన్ని చూసి ఆడతాడు.

ఆటగాడు: ఆడతాడు, కాదనను. ఎలా ఆడతాడన్నదే ప్రశ్న. ఒక సందర్భం చెబుతాను. గీత తెర నడుమ దాటి కుడి వైపు పోతోంది. మీరు ఎడమ వైపు రెండు నిలువు వరసల్లో నారింజ రంగు పేరుస్తున్నారు. ఇప్పటికి రెండు చదరాలయ్యాయి. ఒక్క విడతలో నాలుగు లేపితే లెక్క అక్కడితో ఆగదు, గుణించి ఇస్తారు. ఇంకా రెండు ముక్కలు దించే వ్యవధి ఉందా లేదా? ఈలోగా పడుతున్నది రెండు రంగులూ ఏటవాలుగా ఎదురెదురు మూలల్లో ఉండే ముక్క, అన్నిటిలోకీ చిక్కుది. దాన్ని ఎక్కడ పడేయాలో చూడటానికి కన్ను చాలదు. అదే కంటితో గీతని కూడా కాపలా కాయాలంటే చెయ్యి వెనకబడుతుంది. అలవాటు పడ్డవాడు గీతని చూడడు. పాట ఏ మలుపులో ఉందో చెవి చెబుతుంది, కన్ను గళ్ల మీదే ఉంటుంది. వేగం పెరిగిన పాటలో పెద్ద కట్టు కట్టే తీరిక ఉండదు. విలంబంగా సాగే పాటలో గీత వచ్చేలోగా గళ్లు నెత్తి మీదికి వచ్చేస్తాయి. రెండూ కష్టాలే, రెండూ వేరు. ఆ తేడాని అంకె చెప్పదు, పాట చెబుతుంది.

పాటగాడు: ఇది మాత్రం ఒప్పుకోవాల్సిన మాట. వేసే తాళాన్ని చూస్తూ పాడేవాడికి సాహిత్యం తప్పుతుందని మేమూ అంటాం. చెయ్యి తన పని తాను చేసుకుపోవాలి, మనసు రాగం మీద ఉండాలి. కన్ను, చెవి, చెయ్యి పని పంచుకోవడం లయజ్ఞానంలో మొదటి మెట్టు, సందేహం లేదు. కానీ మొదటి మెట్టు తరవాత రెండో మెట్టు ఉంది. ఆది తాళం తీసుకో. ఎనిమిది అక్షరాలు. దెబ్బ, మూడు వేళ్లు, తరవాత దెబ్బా విసురూ రెండుసార్లు. పల్లవి సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద ఎత్తుకోకుండా, ఆ దెబ్బ పడ్డాక అనాగతంలో ఎత్తుకున్నావనుకో. అర అక్షరం జారితే మృదంగం వాయించే ఆయన నావైపు ఒకసారి చూస్తాడు. ఆ చూపులోనే నేను నేర్చుకుంటాను. మీ ఆటలో ఆ చూపు ఎక్కడుంది? ముక్కని దెబ్బ మీద దించినా, దెబ్బకి ముందు దించినా, తరవాత దించినా ఎవరూ ఏమీ అనరు. తప్పే లేని చోట లయ ఎలా వస్తుంది?

ఆటగాడు: తప్పు పట్టే ఆటలు వేరే ఉన్నాయి. తెర మీద చుక్క గీతని తాకిన క్షణాన వేలు పడాలి, లేకపోతే గుర్తు పోతుంది. గిటార్ హీరో, ఆ కోవలో ఫోన్లకి వచ్చిన లెక్కలేనన్ని ఆటలు అలాంటివే. వాటిలో సంగీతం పరీక్ష పెడుతుంది. మీ మాట ప్రకారం అవి దీనికన్నా మెరుగైనవి కావాలి. కానీ వాటిలో ఆటగాడు చేసేది ఏమిటి? ముందే రాసిన జవాబుని తిరిగి అప్పజెప్పడం. లూమినెస్‌లో ఏ ముక్క ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. కాలం మాత్రమే పాటది, నిర్ణయం నాది.

పాటగాడు: అప్పజెప్పడం తక్కువ పని కాదు నాయనా. సరళీ స్వరాలు ఏళ్ల తరబడి అప్పజెప్పినవాడికే మనోధర్మం వస్తుంది. సరే, నిర్ణయం నీది అన్నావు. నువ్వు ముక్కని తిప్పినప్పుడు, జరిపినప్పుడు శబ్దాలు వస్తాయి కదా, వాటి సంగతి చెప్పు. విన్నాను నేను. ఎలా తిప్పినా ఇంపుగానే ఉంటుంది. పాటలో ఒదిగేటట్టు ముందే శ్రుతి చేసి పెట్టారు. అపస్వరం పలికే స్వేచ్ఛ నీకు లేదు. అపస్వరం పలకలేనివాడు స్వరం పలికాడని ఎలా అనగలం? మిజుగుచి అంతకుముందు, 2001లో, సెగా కోసం చేసిన రెజ్ అనే ఆటలోనూ ఇదే ఏర్పాటు. శత్రువుని ఎప్పుడు కాల్చినా ఆ చప్పుడు వచ్చి దెబ్బ మీదే కూర్చుంటుంది. యంత్రం నీ లయని సర్ది, నీకే చూపించి, ఆహా ఎంత బాగా వాయించావు అంటుంది. ముఖస్తుతిని శిక్షణ అంటున్నారు.

ఆటగాడు: శిక్షణ అని నేనెప్పుడూ అనలేదు. రెజ్‌ని ఆయన కాండిన్‌స్కీ అనే రష్యన్ చిత్రకారుడికి అంకితమిచ్చాడు. శబ్దం వింటే రంగు కనిపించడం, రంగు చూస్తే శబ్దం వినిపించడం, మిజుగుచికి కావలసింది ఆ అనుభవం. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. సభలో ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసుకుంటూ వినే పెద్దాయన ఉంటాడు. ఆయన పాడలేడు, వాయించలేడు. ఆయన తాళం తప్పితే మృదంగం వాయించే ఆయన ఏమీ అనడు. అయినా ఆయన్ని రసికుడు అంటారు, మీలాంటివాళ్లు ఆయన కోసమే పాడతారు. ఈ ఆట నన్ను విద్వాంసుణ్ణి చెయ్యనక్కర్లేదు. ఆ పెద్దాయన పక్కన కూర్చోబెట్టినా చాలు.

పాటగాడు: పోలిక గట్టిదే. కానీ ఆ పెద్దాయన తాళం ఆయనే వేసుకుంటాడు. తప్పితే ఆయనకే తెలుస్తుంది. సమం దగ్గర అందరి చేతులూ ఒకసారి పడి, తన చెయ్యి వెనక పడితే సిగ్గుపడి సర్దుకుంటాడు. ఆ సిగ్గే రసికత్వానికి పునాది.

ఆటగాడు: మరి గీత సగం చదరాన్ని కోసుకుపోయినప్పుడు నాకు కలిగేది ఏమిటి? అది కూడా అలాంటి సిగ్గే మాస్టారూ. వ్యవధి ఉందనుకుని దించాను, లేదు. ఎవరూ ఏమీ అనరన్నారు. అంటుంది, గీతే అంటుంది. దెబ్బ తప్పావని అనదు, కాలం తప్పావని అంటుంది.

పాటగాడు: దెబ్బ వేరు, కాలం వేరు. సరే, ఈ ఒక్క విషయంలో నిన్ను వదిలేస్తాను. అది పీఎస్‌పీలో అనుకుందాం. చేతిలో పట్టుకునే యంత్రం, వేలికి తగిలే బొత్తాలు, ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం. ఆడటం తప్ప దానికి పెద్దగా వేరే పని లేదు. మనం మాట్లాడుతున్నది ఫోన్ గురించి. మెట్రో ఎక్కి బోగీలో ఆడుతున్నవాళ్లని చూడు. చాలామంది సౌండ్ కట్టేసే ఆడతారు. ఇయర్‌ఫోన్ లేకుండా మోగిస్తే పక్కవాళ్లు మొహం చిట్లిస్తారు. రాత్రి మంచం మీద ఆడేవాడు పక్కన పడుకున్నవాళ్లకి భయపడి కట్టేస్తాడు. నడుమ ఫోను మోగుతుంది, వాట్సాప్ గంట కొడుతుంది, ఓటీపీ వస్తుంది. అఖండంగా సాగాల్సిన గీత ఆగుతుంది. తాళం మధ్యలో ఆపి మళ్లీ అందుకునే సంగీతం ఎక్కడైనా ఉందా? ఈ ఆటకి సంగీతం ఎంత ప్రాణమని నువ్వు నిరూపిస్తే, ఫోన్లో దాని ప్రాణం అంత తేలిగ్గా పోతుందని నేను నిరూపించినట్టే.

ఆటగాడు: ఆ చిక్కు ఉంది. ఇంకోటి నేనే చెబుతాను, మీకు పనికొస్తుంది. ఆట ఫోన్లకి వచ్చిన 2016లోనే, సెప్టెంబరులో, ఐఫోన్ 7 ఇయర్‌ఫోన్ రంధ్రం లేకుండా వచ్చింది. తరవాత మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. జనం బ్లూటూత్‌కి మారారు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది.

పాటగాడు: ఎంత ఆలస్యం?

ఆటగాడు: పరికరాన్ని బట్టి మారుతుంది. మామూలు రకాల్లో 100 మిల్లీసెకన్లు దాటడం పరిపాటి, 200 దాకా పోవడమూ ఉంది.

పాటగాడు: అయితే లెక్క కట్టు. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ నడుమ 500 మిల్లీసెకన్లు. చతురశ్ర నడకలో దాన్ని నాలుగు చేస్తే ఒక్కో మాత్ర 125. అంటే నువ్వు ఒక మాత్ర, ఒక్కోసారి ఒకటిన్నర మాత్ర వెనక వింటున్నావు. గీత ముందు పోతుంటే పాట వెనక వస్తోంది. గాలికి వదిలేసిన లయ అది. నా శిష్యుడు అలా వాయిస్తే వాయిద్యం పక్కన పెట్టి ముందు చేత్తో తాళం వెయ్యమంటాను.

ఆటగాడు: చుక్క తట్టే ఆటలు బ్లూటూత్‌లో నిజంగానే చచ్చిపోతాయి. లూమినెస్ చావదు. ఎందుకంటే, మీరే అన్నారు, దెబ్బ మీద పడలేదని అది నన్ను శిక్షించదు. నేను అంచనా వేసేది ఒక మాత్రని కాదు, గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకి సాగే మొత్తం ఆవర్తనాన్ని. అంత పొడవులో ఒక మాత్ర ఆలస్యం పెద్దగా చేటు చెయ్యదు.

పాటగాడు: ఇప్పుడు నువ్వే నా వైపు వచ్చావు. మాత్ర పోయినా చెడనిది సూక్ష్మమైన లయ కాదు, ఉజ్జాయింపు. ఉజ్జాయింపు కాలానికి సంగీతం అక్కర్లేదని కదా మొదటి నుంచీ నేనంటున్నది?

ఆటగాడు: ఉజ్జాయింపు అంటే చులకన ఎందుకు? కోలాటం చూడండి. కోపు కట్టేవాళ్లందరూ విద్వాంసులా? పాట పట్టినవాడు చరణం అందుకుంటాడు. చుట్టూ తిరిగేవాళ్లు జడ అల్లినట్టు అల్లుకుని మళ్లీ మొదటి చోటికి వచ్చేదాకా ఆ చరణాన్నే తిప్పి తిప్పి పాడతాడు. కోపు ముగిశాక తరవాతి చరణం. లూమినెస్‌లో జరిగేదీ అదే. నా పని ముందుకు సాగకపోతే పాట ఆ ఖండంలోనే తిరుగుతుంది. సాగితే కొత్త వాయిద్యం వచ్చి కలుస్తుంది, ఇంకా సాగితే పాటే మారుతుంది, దాంతో రంగులు మారతాయి, నేపథ్యం మారుతుంది, ముక్క తిప్పిన చప్పుడు కూడా మారుతుంది. స్కిన్ మారిందంటాం దాన్ని. పాట ఆటగాడి కోసం ఆగడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది.

పాటగాడు: కోలాటాన్ని తెచ్చి మంచి పని చేశావు, అది ఇద్దరికీ సాక్ష్యం చెబుతుంది. అందులో పాట ఆగుతుంది, నిజమే. కానీ పాట పట్టినవాడు ఆపుతాడు. మనుషుల్ని చూసి, అలసట చూసి, ఉత్సాహం చూసి నడక పెంచుతాడు, తగ్గిస్తాడు. పైగా అక్కడ కర్ర తప్పితే ఎదుటివాడి వేళ్లకి తగులుతుంది. నీ లయకి ఇంకొకడి వేళ్లు పూచీ. ఫోన్లో నువ్వొక్కడివే. నీ తప్పు ఎవరికీ తగలదు, నీ ఒప్పు ఎవరూ చూడరు. పాట కట్టినవాడి మాటేమిటి? అతను ఒక ఎత్తు కట్టాడు, ఒక విరామం పెట్టాడు, ఒక ముగింపు ఆలోచించాడు. నీ చేతకానితనానికి అతని పాట ఒకే ఖండంలో గిరగిర తిరగాలి. మొదటి స్కిన్ పాట ఎవరిదో నీకు తెలుసా?

ఆటగాడు: తెలుసు. "షైనిన్". మోండో గ్రోస్సో పేరుతో పాటలు చేసే షినిచి ఒసావాది. జపాన్ బయట ఆయన పేరు చాలామందికి తెలిసింది ఈ ఆట వల్లే. ఆ పాట విన్నాకే నేను ఆయన మిగతా పాటలు వెతుక్కున్నాను. 2006లో వచ్చిన లూమినెస్ 2లో గ్వెన్ స్టెఫానీ లాంటి పేరున్నవాళ్ల పాటలు వీడియోలతో సహా పెట్టారు. నాకు అవి అంత పట్టలేదు. పాటకి పేరు ఎక్కువైతే గళ్లు వెనకబడతాయి, గళ్లు ఎక్కువైతే పాట వెనకబడుతుంది. షైనిన్‌లో ఆ తూకం కుదిరింది. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఆడేవాళ్లలో చాలామందికి ఏ పాట ఎవరిదో తెలీదు. తెలుసుకోవాలని తోచదు కూడా.

పాటగాడు: ఆ ఒప్పుకోలు చిన్నది కాదు. ఇంకో సంగతి. గీత సంగతి "చెవి చెబుతుంది" అన్నావు. ఆ పని చెవికి అప్పగించాక మిగిలేది ఏమిటి? గంట గడిచిందని తెలియకపోవడం. 2000లో హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే నిద్రా పరిశోధకుడు, ఆయన బృందం టెట్రిస్ ఆడించి చూశారు. నిద్రలోకి జారుకునే వేళ పడుతున్న ముక్కలు కళ్ల ముందు కదిలాయని ఆడినవాళ్లు చెప్పారు. జ్ఞాపకశక్తి పోయిన రోగులకి ఆట ఆడిన సంగతే గుర్తులేదు, అయినా వాళ్లలోనూ కొందరికి ఆ ముక్కలు కనిపించాయి. అంత లోతుకి పోయే ఆటకి పాట కూడా తోడైతే? లాస్ వేగస్ జూదపు యంత్రాల మీద నటాషా డౌ షుల్ 2012లో ఒక పుస్తకం రాసింది. అక్కడి జూదగాళ్లు గెలవడానికి ఆడటం లేదని, ఆ మత్తులోంచి బయటికి రాకుండా ఉండటానికి ఆడుతున్నారని అందులో తేల్చింది. లయ మంచి మత్తుమందు. దాన్ని ఎవరి చేతికిస్తున్నామో చూసుకోవద్దా?

ఆటగాడు: చూసుకోవాలి. కానీ నిద్రలోకి పోవడం ఒక్కటే నేరమైతే, వర్ణం సాధన చేసిన రాత్రి మీ చెవిలో అది మోగదా? మంచి సాధన కూడా నిద్రలోకి పోతుంది. తేడా వేరే చోట ఉంది. జూదపు యంత్రం ముందు నేర్పు లెక్కలోకి రాదు, ఇక్కడ వస్తుంది. అక్కడ ఎవరూ ఏదీ మారనివ్వరు, మారితే మత్తు వదులుతుంది కాబట్టి. ఇక్కడ పాట మారిన ప్రతిసారీ గీత వేగం మారి చెయ్యి తడబడుతుంది, ఉలిక్కిపడి మళ్లీ వినాలి. మొదటి లూమినెస్‌లో పాయింట్లు 9,99,999 దగ్గర ఆగిపోయేవి. అంతకు మించి ఆడినా అంకె కదలదు. అంతులేకుండా లాక్కుపోవడమే లక్ష్యమైతే అలా ఎవరు పెడతారు?

పాటగాడు: అది 2004 నాటి యంత్రంలో. ఫోన్ల లోకం ధర్మం వేరు. 2012లో ఫోన్లకి వచ్చిన కేండీ క్రష్ నేర్పిన పాఠం ఏమిటి? ఐదు ప్రాణాలు. పోయిన ఒక్కోటి తిరిగి రావాలంటే అరగంట ఆగు, లేదా డబ్బు కట్టు. ఉచితంగా వచ్చే గళ్ల ఆటలన్నీ ఆ బళ్లోనే చదువుకున్నాయి. ప్రతి మలుపులోనూ ఒక ప్రకటన, అది మన పాటని తొక్కేసి తన గోల తాను పెడుతుంది. సంగీతాన్ని నియమం చేశామని చెప్పుకునేవాడు ముప్పై సెకన్ల ప్రకటనతో తాళం తెంచితే అతన్ని ఏమనాలి?

ఆటగాడు: తాళం తెంచాడనే అనాలి. ఇక్కడ నేను మీతోనే ఉన్నాను. లూమినెస్ కూడా పూర్తిగా పులు కడిగిన ముత్యం కాదు. 2006లో ఎక్స్‌బాక్స్ కోసం వచ్చిన లూమినెస్ లైవ్‌ని ముక్కలు ముక్కలుగా అమ్మారని అభిమానులే విసుక్కున్నారు. ఫోన్లోనూ అదనపు పాటలకి అదనంగా డబ్బు తీసుకున్నారు. కానీ ఒకసారి కొనుక్కుంటే ప్రాణాలు, ఎదురుచూపులు లేకుండా ఆడుకునే ఆటకీ, ప్రతి ఓటమినీ అమ్ముకునే ఆటకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

పాటగాడు: కట్టను. మరి మొదటి రకం ఫోన్లో ఎందుకు బతకడం లేదో నువ్వు చెప్పాలి. అదే మిజుగుచి సంస్థ నుంచి 2018లో టెట్రిస్ ఎఫెక్ట్ వచ్చింది, ప్లేస్టేషన్ 4 కోసం. 2025 నవంబరులో లూమినెస్ అరైజ్ వచ్చింది, ప్లేస్టేషన్ 5 కోసం, కంప్యూటర్ కోసం. రెండూ ఫోన్‌కి రాలేదు. పెద్ద తెర, మంచి స్పీకర్లు, తలకి తొడుక్కునే వీఆర్ పరికరం ఉన్న చోటికి వెళ్లాడాయన. కట్టినవాడే తన పాటని ఎక్కడ వినాలో కాళ్లతో ఓటు వేసి చెప్పాడు.

ఆటగాడు: కట్టినవాడికి కావలసిన చోటూ, వినేవాడికి దొరికే చోటూ ఒకటి కాదు కదా. ప్లేస్టేషన్ 5 మన ఊళ్లలో ఎంతమంది ఇళ్లలో ఉంది? ఫోన్ అందరి చేతిలో ఉంది. రేడియోలో త్యాగరాజ కృతి విన్నవాళ్లంతా తిరువయ్యూరు వెళ్లినవాళ్లా? చిన్న స్పీకర్లో గరగరలాడుతూ విన్నా చెవి తయారైంది. ఫోన్‌ని ఆ లెక్కన చూడండి.

పాటగాడు: రేడియో మీద సౌండ్ కట్టేసి ఎవరూ వినరు అబ్బాయ్. మళ్లీ అక్కడికే వచ్చాం. సౌండ్ లేకపోయినా సాగే ఆటలో సౌండ్ దేనికి?

ఆటగాడు: సౌండ్ లేకుండా సాగడం దాని లోపం అనుకుంటున్నారు మీరు. నాకది దాని గొప్పతనంలా కనిపిస్తోంది. చెవులు వినిపించనివాళ్లు కూడా దీన్ని ఆడగలరు. లయని గీత చేసి కళ్లకి చూపించారు కాబట్టి. స్కాట్లాండ్‌కి చెందిన ఎవెలిన్ గ్లెనీ వినికిడి దాదాపు పూర్తిగా కోల్పోయినా ప్రపంచ ప్రసిద్ధి పొందిన తాళవాద్య కళాకారిణి అయింది. చెప్పులు విడిచి వేదిక ఎక్కి, నేల కంపనాన్ని పాదాలతో అందుకుంటూ వాయిస్తుంది. లయ చెవి సొత్తు ఒక్కటే కాదని ఆవిడ నిరూపించింది. రెజ్‌కి జపాన్‌లో విడిగా కంపించే పరికరమే అమ్మారు. చేతిలో ఫోన్ కూడా కంపిస్తుంది. లయని కంటికీ, చర్మానికీ పంచిపెడుతున్నారని ఎందుకు అనుకోకూడదు?

పాటగాడు: గ్లెనీ పేరు చెప్పి నా నోరు కట్టేశావు. చెవి లేనివాళ్లకి లయ అందడాన్ని నేను తప్పు పట్టలేను. తప్పు పడితే నేను మనిషినే కాదు. కానీ ఆవిడ విషయంలో జరిగింది ఏమిటి? ఉన్న ఇంద్రియాలన్నిటినీ ఒడ్డి లయని పట్టుకుంది. మెట్రోలో సౌండ్ కట్టేసినవాడు ఉన్న చెవిని మూసుకుంటున్నాడు. మొదటిది తపస్సు, రెండోది కాలక్షేపం. ఆట రెండింటికీ ఒకే పాయింట్లు ఇస్తుంది. పాయింటు చూసి సంగీతం అందిందనుకోవద్దనే నేననేది.

ఆటగాడు: పాయింటు సంగీతానికి కొలత కాదు, ఒప్పుకున్నాను. నేనూ ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఇవాళ్టి కుర్రాళ్లలో ఎంతమంది ఒకే తాళం మీద అరగంట చెవి నిలుపుతారు? పాట మొదలైన ఇరవై సెకన్లకే తరవాతి పాటకి జారుకునే కాలం ఇది. సంగీతం మీద ఒక కుర్రాణ్ణి అరగంట కూర్చోబెట్టే వస్తువు ఇంకేది ఉంది మీ దగ్గర?

పాటగాడు: లేదు. అది చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. నా క్లాసులో పిల్లలు కూడా పావుగంట దాటితే కదులుతారు. చెవిని ఒక చోట నిలిపినంతవరకూ ఈ ఆట నాకు పోటీ కాదు, సాయమే. కానీ ఆ చెవి దేని కోసం నిలిచిందన్నది తేలాలి. గీత ఎప్పుడొస్తుందో అని నిలిచిందా, పాట ఎక్కడికి పోతుందో అని నిలిచిందా? మొదటిదైతే నువ్వు కాపలా కాస్తున్నావు. రెండోదైతేనే వింటున్నావు.

ఆటగాడు: మొదట కాపలాయే. ఆడగా ఆడగా రెండోది అవుతుంది. నా అనుభవం అది, అందరిదీ అదే అవుతుందని హామీ ఇవ్వలేను.

పాటగాడు: హామీ నేనూ అడగను. అయితే ఇది మనిద్దరం మాటలతో తేల్చేది కాదు, ఆడేవాళ్లు తేల్చాలి. ఫోన్లో ఇలాంటి ఆట పెట్టుకోదలచినవాళ్లకి ఒక మాట. ప్రాణాలమ్మే ఆట జోలికి పోకండి, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునేదే తీసుకోండి. కుదిరితే వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నోటిఫికేషన్లు ఆపి ఆడండి. నాలుగు రోజులయ్యాక ఆట మూసేసి, అందులో మీకు బాగా నచ్చిన పాట ఎవరు కట్టారో పేరు వెతికి, గళ్లు లేకుండా, గీత లేకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి వినండి. చివరిదాకా కూర్చోగలిగితే ఈ అబ్బాయి గెలిచినట్టు. నడుమలోనే వేలు గళ్ల కోసం వెతుక్కుంటే నేను గెలిచినట్టు. ఓడిపోతే నాకే సంతోషం.